సీఆర్‌పీ దిగింది, నొప్పులు దిగలేదు: ఇంతకీ సైటోకైన్లు చేసే పనేమిటి?

తర్వాత చదివేవాళ్లకు కూడా అందాలి కాబట్టి మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ రాస్తున్నాను. అమ్మగారికి 54 ఏళ్లు, ఎనిమిదేళ్లుగా రుమటాయిడ్ కీళ్లవాతం. మెథోట్రెక్సేట్ మందుకు లొంగకపోతే టోసిలిజుమాబ్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. రెండో డోసు తర్వాత సీఆర్‌పీ (ఒంట్లో వాపు, మంట ఉంటే రక్తంలో పెరిగే ప్రోటీన్) 42 నుంచి 0.6కి పడిపోయింది, వేళ్ల నొప్పి మాత్రం సగమే తగ్గింది. డాక్టరుగారేమో "ఇకమీదట ఆ సీఆర్‌పీని పట్టించుకోకండి" అన్నారు. కోవిడ్ రోజుల్లో సైటోకైన్ అంటే తుఫాను అన్నారు, ఇంటర్‌ఫెరాన్ కూడా సైటోకైనే, అది వైరస్ మీద పోరాడుతుందన్నారు. ఇవి మంచివా, చెడ్డవా? ఒకదాన్ని ఆపేస్తే అమ్మ ఒంట్లో రోగనిరోధక శక్తి ఏమైపోతుంది? పనిలో పనిగా తిప్పతీగ గురించి కూడా అడిగారు.

నేను మందులు రాసే డాక్టర్ని కాదు. 22 ఏళ్లుగా ఇమ్యునాలజీ ల్యాబులో ఉన్నాను. మనుషుల ముఖాలు తక్కువ, వాళ్ల రక్తం ట్యూబులు ఎక్కువ చూసినవాణ్ని. డోసుల సంగతి మీ రుమటాలజిస్టుకే వదిలేసి, లోపల ఏం జరుగుతోందో చెబుతాను.

ముందు సీఆర్‌పీ సంగతి తేల్చేద్దాం. మిగతాదంతా దాన్ని పట్టుకునే వస్తుంది.

సీఆర్‌పీ తయారయ్యేది కాలేయంలో. అమ్మ మణికట్టు వాచిందని కాలేయానికి తనంతట తాను తెలీదు. వాచిన కీలులోని మాక్రోఫేజులు అనే రక్షక కణాలు, కీలుపొర కణాలు ఇంటర్‌ల్యూకిన్-6 అనే చిన్న ప్రోటీన్‌ను వదులుతాయి. మేం ముద్దుగా ఐఎల్-6 అంటాం. ఇలా ఒక కణం నుంచి ఇంకో కణానికి కబురు మోసే చిన్న ప్రోటీన్లనే సైటోకైన్లు అంటారు. అది రక్తంలో కొట్టుకొచ్చి కాలేయ కణం మీదున్న తన రిసెప్టర్‌లో, అంటే కబురు అందుకునే ప్రోటీన్‌లో, కూర్చుంటే, అప్పుడు కాలేయం సీఆర్‌పీ పని మొదలుపెడుతుంది. టోసిలిజుమాబ్ చేసేదల్లా ఆ రిసెప్టర్‌లో తను ముందు వెళ్లి కూర్చోవడం. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేసినట్టన్నమాట. ఐఎల్-6 వస్తుంది, చోటు దొరక్క తిరుగుతుంది. కాలేయానికి కబురందదు. ఒంట్లో ఉన్న సీఆర్‌పీ సగానికి తగ్గడానికి సుమారు 19 గంటలు చాలు. కొత్తది తయారు కాకపోతే కొద్ది రోజుల్లోనే రిపోర్టులో అంకె అడుగుకు చేరుతుంది. వాపును కొలిచే మరో రక్తపరీక్ష ఈఎస్‌ఆర్ కూడా కాలేయం చేసే ఫైబ్రినోజన్ అనే ప్రోటీన్ మీద ఆధారపడేదే కాబట్టి అదీ వెంట దిగుతుంది.

కాబట్టి ఆ 0.6 మనకు చెప్పేది ఒకటే: మందు కాలేయం గుమ్మం దాకా చేరింది. కీలులో మంట ఆరిందా లేదా అన్నది అది చెప్పదు. కీలులో ఐఎల్-6 ఒక్కటే లేదు, టీఎన్‌ఎఫ్, ఐఎల్-1 లాంటి వేరే సైటోకైన్లు కూడా ఉన్నాయి. పైగా ఎనిమిదేళ్లలో అరిగిన ఎముక నొప్పికి సైటోకైన్‌తో పెద్ద పని లేదు. అందుకే డాక్టర్లు ఒక్కో కీలును బొటనవేలితో నొక్కి 28 కీళ్ల లెక్క రాసుకుంటారు. జబ్బు ఎంత చురుగ్గా ఉందో లెక్కకట్టే సీడీఏఐ అనే స్కోరులో సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్ రెండూ ఉండవు, ఈ మందు మీద ఉన్నవాళ్లకు అది నమ్మదగ్గది. రెండు డోసులకే తీర్పు చెప్పేయకండి, మామూలుగా మూడు నెలలు చూస్తారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఎవరైనా తెలిసో తెలియకో అమ్మకు ఐఎల్-6 పరీక్ష రాశారనుకోండి, అది మందుకు ముందున్న దానికంటే ఎక్కువ వస్తుంది! ఇలాంటి రిపోర్టు పట్టుకుని కంగారుగా ఫోన్ చేసినవాళ్లు నాకు ఏటా ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. రిసెప్టర్‌లో కూర్చున్న ఐఎల్-6ను కణం లోపలికి లాక్కుని అరిగించుకుంటుంది, రక్తం శుభ్రపడే దారుల్లో అదొకటి. సీటు మీద తువ్వాలు ఉన్నప్పుడు ఆ దారి మూసుకుపోతుంది, ప్రయాణికులంతా బస్టాండులోనే మిగిలిపోతారు. అంకె పెరగడం మందు పనిచేస్తోందనడానికి గుర్తే. ఆ పరీక్షకు డబ్బులు దండగ.

ఇప్పుడు అసలు ప్రశ్న, మంచివా చెడ్డవా.

ఊళ్లో చాటింపు వేసేవాణ్ని తలుచుకోండి. "చెరువుకు గండి పడిందహో" అని ఒకే మాట వేస్తాడు. రైతు పార పట్టుకుని గట్టు మీదికి పరుగెత్తుతాడు. పిల్లల తల్లి సామాను అటక మీదికి ఎక్కిస్తుంది. కొట్టువాడు తలుపులు వేస్తాడు. చాటింపు ఒకటే, ఎవరి పని వాళ్లది. ఐఎల్-6 అంతే. కాలేయం వింటే సీఆర్‌పీ చేస్తుంది. బీ కణాలనే తెల్ల రక్తకణాలు వింటే యాంటీబాడీలు చేసే కణాలుగా ఎదుగుతాయి. నిజానికి 1986లో ఒసాకాలో తదమిత్సు కిషిమోతో, తోషియో హిరానో బృందం దీని జన్యువును పట్టుకున్నది ఆ బీ కణాల వెంటపడే. మెదడులోని హైపోథాలమస్ దాకా కబురు వెళితే జ్వరం వస్తుంది. ఎముక మజ్జ వింటే ప్లేట్‌లెట్లు పెరుగుతాయి. కీళ్లవాతం ముదిరినవాళ్ల రిపోర్టులో ప్లేట్‌లెట్లు నాలుగున్నర లక్షలు దాటి కనిపించేది అందుకే.

వినడానికి చెవి ఉండాలి కదా, ఆ చెవే రిసెప్టర్. ఐఎల్-6 రిసెప్టర్‌కు జీపీ130 అనే జోడీ ప్రోటీన్ తోడుంటుంది. ఇవి దగ్గరకు చేరగానే కణం లోపలివైపు అతుక్కుని ఉన్న జాక్ అనే ఎంజైములు మేల్కొంటాయి. ఒకదానికొకటి ఫాస్ఫేట్ తగిలించుకుని, రిసెప్టర్ తోకకూ తగిలిస్తాయి. ఆ తోక మీదికి స్టాట్3 అనే ప్రోటీన్ వచ్చి వాలుతుంది, తనూ ఒక ఫాస్ఫేట్ తగిలించుకుంటుంది, రెండేసి జతకట్టి నేరుగా కేంద్రకంలోకి వెళ్లి జన్యువులను తెరుస్తుంది. మధ్యలో పెద్ద అంచెలేమీ లేవు. జాక్‌లు మొత్తం నాలుగు, స్టాట్‌లు ఏడు. పదుల సంఖ్యలో ఉన్న సైటోకైన్లు ఈ కాసిని ముక్కలతోనే కాపురం చేస్తాయి. జాక్ దొరికిన కొత్తలో శాస్త్రజ్ఞులు "ఇది ఇంకో మామూలు కైనేజే" (కైనేజ్ అంటే ఫాస్ఫేట్ తగిలించే ఎంజైము) అన్న అర్థంలో ఆ పొట్టిపేరు పెట్టారనీ, తర్వాత పరువు కోసం రెండు ముఖాల రోమన్ దేవుడు జానస్ పేరు అంటగట్టారనీ మా వృత్తిలో ఒక జోకు.

ఇది పుస్తకంలో చదివితే బొమ్మలా ఉంటుంది. ట్యూబులో చూస్తేనే మజా. మా దగ్గర కొత్తగా చేరిన పిల్లలకు నేను మొదట చేయించే ప్రయోగం ఇదే. ఆరోగ్యవంతుడి రక్తం కొంచెం తీసుకుని ఐఎల్-6 చుక్క వేసి, 37 డిగ్రీల దగ్గర సరిగ్గా 15 నిమిషాలు ఉంచుతాం. టైమర్ మోగగానే ఫార్మాల్డిహైడ్ పోస్తాం. కణాలు ఏ పనిలో ఉన్నవి ఆ పనిలోనే బొమ్మల్లా నిలిచిపోతాయి. ఫాస్ఫేట్ తగిలిన స్టాట్3కి మాత్రమే అంటుకునే మెరుపు రంగు యాంటీబాడీ వేసి ఒక్కో కణం మెరుపును కొలిచే ఫ్లో సైటోమీటర్‌లో పెడితే, తెర మీద గ్రాఫులో ఎడమపక్కనున్న కొండ కుడివైపుకు జరిగిపోయి ఉంటుంది. 15 నిమిషాల్లో కబురు కేంద్రకానికి చేరిపోయింది. అమ్మగారిలా టోసిలిజుమాబ్ మీద ఉన్నవాళ్ల రక్తంతో ఇదే చేస్తే కొండ కదలదు. అది చూశాక పిల్లలకు మందు అంటే ఏమిటో మళ్లీ చెప్పక్కర్లేదు.

కానీ నేను చూపించాలనుకునేది రెండో ట్యూబు. ఐఎల్-6 వేసిన ఆ ఆరోగ్యవంతుడి రక్తాన్నే రెండు గంటలు ఆగి ఆపితే కొండ చాలామటుకు వెనక్కి వచ్చేసి ఉంటుంది. ట్యూబులో ఐఎల్-6 ఇంకా ఉంది. చాటింపు మోగుతూనే ఉంది, కణమే చెవులు మూసుకుంది. స్టాట్3 తెరిచిన జన్యువుల్లో సాక్స్3 అనేది ఒకటి. అది తయారై తిరిగొచ్చి జీపీ130 తోకనూ జాక్‌నూ పట్టుకుని నోరు నొక్కేస్తుంది. 1997లో మెల్‌బోర్న్ వాళ్లు ఒకరు, జపాన్ వాళ్లు ఇద్దరు, మొత్తం మూడు బృందాలు ఈ సాక్స్ కుటుంబాన్ని ఒకేసారి బయటపెట్టాయి. కబురు లోపలికి వచ్చేటప్పుడే దాన్ని ఆపే మనిషిని కూడా వెంటబెట్టుకొస్తుంది.

ఈ ఆపే పని ఎంత గట్టిదో చెప్పడానికి నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ ఒకటుంది. ఐఎల్-10 అనే సైటోకైన్ మంటను చల్లార్చేది, "గండి పూడింది, ఇళ్లకు పొండి" అనే చాటింపు. ఐఎల్-6 మంట రేపేదిగా పేరుపడ్డది. తమాషా ఏమిటంటే రెండూ వాడేది ఆ స్టాట్3నే! ఒకే తీగ మీద రెండు వ్యతిరేక కబుర్లు ఎలా వెళతాయి? సాక్స్3 ఐఎల్-6 కబురును మధ్యలో తెంపుతుంది, ఐఎల్-10 కబురు జోలికి పోదు. అందువల్ల ఒకటి పొట్టిగా, ఒకటి పొడుగ్గా మోగుతాయి. ఎలుకల మాక్రోఫేజుల్లో సాక్స్3 లేకుండా చేసి చూస్తే ఐఎల్-6 కూడా ఐఎల్-10లాగే మంటను ఆర్పడం మొదలుపెట్టింది. 2003లో వచ్చిన ఫలితం ఇది. అణువు మారలేదు, తీగ మారలేదు, ఎంతసేపు మోగిందన్నదే మారింది. అప్పటినుంచి నా దగ్గర ఎవరైనా "మంచి సైటోకైన్, చెడ్డ సైటోకైన్" అంటే వెంటనే అడ్డం పడతాను: ఎవరికి వినిపిస్తోంది, పక్కన ఇంకెవరు మాట్లాడుతున్నారు, ఎంతసేపు?

పక్కన ఎవరున్నారన్నదీ చిన్న విషయం కాదు. టీజీఎఫ్-బీటా అనే సైటోకైన్ ఒక్కటే ఉన్నచోట, ఇంకా ఏ పనీ నేర్వని పచ్చి టీ కణం (మరో రకం తెల్ల రక్తకణం) ఇతరులను శాంతింపజేసే రెగ్యులేటరీ కణంగా ఎదుగుతుంది. దానికి ఐఎల్-6 తోడైతే అదే టీ కణం మంట రేపే టీహెచ్17 రకంగా మారి కీళ్ల మీదికి, చర్మం మీదికి వెళుతుంది.

తుఫాను మాటకొద్దాం. అది కోవిడ్‌తో పుట్టింది కాదు. 2006 మార్చిలో లండన్‌లోని నార్త్‌విక్ పార్క్ ఆస్పత్రి ఆవరణలో టీజీఎన్1412 అనే కొత్త యాంటీబాడీని ఆరుగురు ఆరోగ్యవంతులైన యువకులకు ఎక్కించారు. అది టీ కణాలను నేరుగా లేపే మందు. గంటన్నర లోపే తలనొప్పి, వణుకు, బీపీ పడిపోవడం, ఆ తర్వాత అవయవాలు ఒక్కొక్కటే మొరాయించడం. ఆరుగురూ బతికారు, కానీ మందుల పరీక్షల రూల్సే మారిపోయాయి. కోతుల్లో ఏమీ కాలేదు కదా అనుకున్నారు. మంట రేపిన ఆ రకం టీ కణాల మీద కోతులకు ఆ మందు పట్టుకునే పిడి, సీడీ28, లేదని తర్వాత తేలింది.

2012లో ఫిలడెల్ఫియాలో ఆరేళ్ల పాపకు ల్యుకీమియా కోసం కార్-టీ కణాలు (క్యాన్సర్‌ను పట్టుకునేలా ల్యాబులో మార్చిన టీ కణాలు) ఎక్కిస్తే ఇలాంటి తుఫానే లేచింది. రక్తంలో ఐఎల్-6 విపరీతంగా పెరిగిందని తెలిసింది. ఆ చికిత్సను తీర్చిదిద్దిన కార్ల్ జూన్ కూతురికి చిన్నపిల్లల కీళ్లవాతం ఉంది, అందువల్ల ఆయనకు టోసిలిజుమాబ్ పేరు తెలుసు. ఇచ్చారు, గంటల్లో పాప కుదుటపడింది. 2017లో అమెరికాలో ఆ వాడకానికి అనుమతి వచ్చింది. మీ అమ్మగారి ఇంజెక్షన్‌కు ఇంత కథ ఉంది.

కోవిడ్‌లో సంగతి ఇంత సూటిగా లేదు. కార్-టీ తుఫానులో ఐఎల్-6 వేలల్లో ఉంటే కోవిడ్ వార్డుల నుంచి మాకొచ్చిన శాంపిళ్లలో ఎక్కువ భాగం పదుల్లో, వందల్లో ఉండేవి. తుఫాను అనే మాట కాస్త పెద్దదేనని నా అభిప్రాయం. ఎప్పుడు ఇచ్చామన్నదే అక్కడ అసలు సంగతి. బ్రిటన్ రికవరీ ట్రయల్‌లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వెంటిలేటర్ మీదున్నవాళ్ల మరణాలను మూడోవంతు, ఆక్సిజన్ మీదున్నవాళ్లలో ఐదోవంతు తగ్గించింది, ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మేలేమీ చూపలేదు. మొదటి రోజుల్లో వైరస్‌ను పట్టుకునే చాటింపును మనమే ఆపేస్తే ఎలా? టోసిలిజుమాబ్‌ను ఆ ట్రయల్‌లో ఆక్సిజన్ పడిపోయి, సీఆర్‌పీ 75 దాటినవాళ్లకే ఇచ్చారు, మరణాలు 35 శాతం నుంచి 31కి తగ్గాయి. మంచి ఫలితమే, మహత్యం మాత్రం కాదు. 2021 ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో మా ఫోన్లు ఆగేవి కావు. 40 వేల రూపాయల వయల్‌కు బ్లాకులో లక్షలు పోసి కొనడానికి సిద్ధపడ్డవాళ్లు "ఐఎల్-6 రిపోర్టు తొందరగా ఇవ్వండి" అని ఏడ్చేవారు. తీసిన రక్తాన్ని గంటల తరబడి బల్ల మీద వదిలేసి తెచ్చిన ట్యూబులు కూడా వచ్చేవి. అలా వదిలేస్తే ట్యూబులోని కణాలే సైటోకైన్లు కక్కుతాయి, అంకె ఎవరిదో తెలీదు. వాటిని వెనక్కి పంపితే తిట్లు తిన్నాను.

ఇక, ఆపేస్తే ఏమవుతుందన్న భయం. సబబే. ఒకదాన్ని ఆపితే శక్తి మొత్తం పోదు, ఒక మూల బలహీనపడుతుంది. ఏ మూల అన్నది ఏ సైటోకైన్ అన్నదాన్ని బట్టి. టీఎన్‌ఎఫ్‌ను ఆపే ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి మందులు వచ్చిన కొత్తలోనే నిద్రపోతున్న టీబీ లేవడం బయటపడింది, ఎందుకంటే టీబీ క్రిమి చుట్టూ కణాల గోడను నిలబెట్టేది టీఎన్‌ఎఫ్. ఇంటర్‌ఫెరాన్ గామా రిసెప్టరే పుట్టుకతో లేని పసివాళ్లకు మనం పుట్టగానే వేయించే బీసీజీ టీకా క్రిమే జబ్బు తెస్తుంది. వైరస్‌ల మీద మొదట లేచే టైప్-1 ఇంటర్‌ఫెరాన్లకు తమ ఒంట్లోనే యాంటీబాడీలు ఉన్నవాళ్లు తీవ్ర కోవిడ్ న్యుమోనియా రోగుల్లో పదిమందిలో ఒకరి దాకా ఉన్నారని 2020లో తేలింది. 1957లో ఐజాక్స్, లిండెన్‌మన్ లండన్‌లో ఇంటర్‌ఫెరాన్‌కు ఆ పేరు పెట్టింది వైరస్‌కు అడ్డం పడుతుందనే కదా, ఆ అడ్డు లేకపోతే ఇదీ జరిగేది.

అమ్మగారికి ఇంజెక్షన్‌కు ముందు టీబీ రక్తపరీక్ష చేయించే ఉంటారు, నాలుగు చిన్న ట్యూబుల్లో తీసేది. అదీ సైటోకైన్ పరీక్షే. ఒక ట్యూబు ఖాళీ, రెండింటిలో టీబీ క్రిమి ప్రోటీన్ ముక్కలు, నాలుగోదాంట్లో టీ కణాలన్నిటినీ లేపే మందు. రాత్రంతా 37 డిగ్రీల్లో ఉంచితే, టీబీని ఎప్పుడైనా చూసి ఉన్న టీ కణాలు ఆ ముక్కలను గుర్తుపట్టి ఇంటర్‌ఫెరాన్ గామా వదులుతాయి. మర్నాడు ఎలైజా అనే రంగు పరీక్షలో పసుపు రంగు ఎంత తేలిందో చూస్తాం. నాలుగో ట్యూబులో కూడా రంగు రాకపోతే రిపోర్టులో తేలలేదని రాస్తాం. అది నెగెటివ్ కాదు. చాలామంది ఇంట్లో దాన్ని నెగెటివ్ అని చదువుకుంటారు. మీ ఫైలు తీసి ఒకసారి చూసుకోండి.

ఐఎల్-6 ఆపితే బలహీనపడే మూలల్లో ముఖ్యమైనది మీ ప్రశ్నలోనే ఉంది: జ్వరం సరిగా రాదు, సీఆర్‌పీ పెరగదు. న్యుమోనియా మొదలైనా అమ్మ "కాస్త నీరసంగా ఉందిరా" అంటారంతే, రిపోర్టు 0.6 అనే ఉంటుంది. కాబట్టి దగ్గు, ఆయాసం, మూత్రంలో మంట, చర్మం మీద ఎర్రగా పాకడం, వీటిలో ఏది కనిపించినా జ్వరం కోసం ఆగకండి. గట్టి కడుపునొప్పిని గ్యాస్ అని వదిలేయకండి, అరుదుగానైనా పేగుకు చిల్లు పడిన కేసులు ఈ మందుతో ఉన్నాయి. వేరే డాక్టరు దగ్గరికో, అత్యవసర విభాగానికో వెళితే మొదటి మాటగా ఈ ఇంజెక్షన్ పేరు చెప్పండి, లేకపోతే వాళ్లు ఆ సీఆర్‌పీ చూసి ఇంటికి పంపేస్తారు.

రేపెప్పుడైనా డాక్టరుగారు దీన్ని మార్చి టోఫాసిటినిబ్ మాత్రలు రాస్తే, అది కణం లోపలి జాక్ మీదే పనిచేస్తుంది. ఒక సీటు మీద తువ్వాలు వేయడం కాదు, బస్సు డ్రైవర్నే ఆపడం. ఐఎల్-6తోపాటు ఇంటర్‌ఫెరాన్ల కబుర్లూ మందగిస్తాయి, అక్కి లేచే అవకాశం పెరుగుతుంది. గుండెజబ్బు ముప్పున్న 50 దాటినవాళ్ల విషయంలో 2021లో అమెరికా ఎఫ్‌డీఏ గట్టి హెచ్చరిక కూడా చేర్చింది. ఖర్చు తక్కువని మీరే అడిగి మార్పించుకోవద్దు.

చివరిగా తిప్పతీగ. అమ్మ జబ్బే రోగనిరోధక వ్యవస్థ తన కీళ్ల మీదే పడడం. అలాంటప్పుడు "ఇమ్యూనిటీ పెంచేది" అని సీసా మీద రాసినదాన్ని నమ్మి, ఏ చాటింపును పెంచుతుందో తెలియకుండా పోయడం నాకు నచ్చదు. 2021లో ముంబై డాక్టర్లు తిప్పతీగ వాడినవాళ్లలో ఆటోఇమ్యూన్ తరహా కాలేయం దెబ్బతిన్న కేసులు ప్రచురించారు. ఆయుష్ శాఖ ఆ నిందను ఒప్పుకోలేదు. ఆ గొడవ ఎటు తేలినా మీకు సంబంధించిన లెక్క వేరే ఉంది: మెథోట్రెక్సేట్, టోసిలిజుమాబ్ రెండింటికీ లివర్ ఎంజైములు పెరిగే గుణం ఉంది, అందుకే ఆ పరీక్ష మాటిమాటికీ చేయిస్తారు. మధ్యలో కషాయం చేరి ఎస్‌జీపీటీ అనే లివర్ ఎంజైము 180 వచ్చిందనుకోండి, తప్పు ఎవరిదో తేలక ముందు ఆపేది పనిచేస్తున్న ఇంజెక్షన్‌నే. ఇప్పటికే వాడుతుంటే దాచకుండా ఈసారి వెళ్లినప్పుడు సీసా కూడా పట్టుకెళ్లి చూపించండి.